అచ్చియ్యమ్మ కోసం కట్టిన స్నానాలగది

దాలినాయుడు ఆ స్నానాలగది కట్టించింది ఊరు మెచ్చుకోవాలని కాదు, వాళ్ళ అప్ప కోసం. అక్కని అప్ప అని పిలుచుకునే ఊళ్ళు అవి.

అప్ప పేరు అచ్చియ్యమ్మ. తల్లి పోయాక దాలినాయుణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఏటి అవతల పల్లెలో ఉంటుంది. తమ్ముణ్ణి చూడ్డానికి గోరింటపేట వస్తుంది, మధ్యాహ్నం భోంచేస్తుంది, చీకటి పడకుండా బస్సెక్కేస్తుంది. ఎందుకంటే దాలినాయుడింట్లో ఉన్న మరుగుదొడ్డి పెరట్లో, కింద కూర్చునేది. అప్ప మోకాళ్ళు వంగవు. కూర్చుంటే లేవలేదు. ఆ సంగతి ఆమె నోటితో చెప్పదు. "ఇంటికాడ పనుందిరా" అంటుంది, లేచిపోతుంది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళయినా తాగకుండా కూర్చుందని ఒకసారి దాలినాయుడి భార్య ఈశ్వరమ్మ కనిపెట్టి మొగుడితో చెప్పింది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

దాలినాయుడు బస్సు డిపోలో మెకానిక్కు. చేతిపని తెలిసినవాడు. హాలు పక్కన సామాన్ల కొట్టు ఖాళీ చేయించి స్నానాలగదిగా మార్చాడు. కమోడు అప్ప కూర్చునే నులకమంచం ఎత్తుకి సరిగ్గా సరిపోయేట్టు దిమ్మె కట్టి పెట్టించాడు. నేల జారకుండా గరుకు రాయి పరిపించాడు. డిపోలో తుక్కు కింద వేలం వేసిన పాత బస్సులోంచి, ప్రయాణికులు పట్టుకు నిలబడే స్టీలు కడ్డీ ఒకటి కొని, కమోడు పక్కన గోడకి బోల్టులతో బిగించాడు. ఓ చెక్కపీట, చేతికందే ఎత్తులో చెంబు, కోక వేసుకోవడానికి మేకు, కూర్చుంటే మునగచెట్టు కనబడేట్టు చిన్న కిటికీ. అంతా అయ్యాక తనే మోకాళ్ళు వంగని మనిషిలా నడుచుకుంటూ వెళ్ళి, కడ్డీ పట్టుకుని కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని చూశాడు. సంతోషం పట్టలేక అప్పకి ఫోను చేశాడు.

"అప్పా, మోకాళ్ళ ఆపరేషను అవగానే మాయింటికే రావాల. పది దినాలు ఉండాల. గది కట్టీసాను."

"గదేట్రా?"

"వొచ్చినాక నువ్వే చూద్దువుగాని."

సరిగ్గా ఆ రోజుల్లోనే గోరింటపేట పురపాలక సంఘం కమిషనరు చక్రధర్ గారు పెద్ద పట్నంలో ఓ సదస్సుకి వెళ్ళొచ్చారు. సదస్సు దేనిమీదో ఎవరికీ గుర్తు లేదు, కమిషనరు గారికి కూడా. కాని బస చేసిన హోటల్లో స్నానాలగది తలుపు తీయగానే, కమోడు మూత మీద తువ్వాలుతో చేసిన హంస ఒకటి ఆయన వంక చూసింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి తన్ను అంత ఆప్యాయంగా ఎవరూ చూడలేదని ఆయనకి అనిపించింది. తిరుగు రైల్లోనే పథకం తయారైంది.

వారంలో ఉత్తర్వు వచ్చింది. "పురప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అతిథి మనసు గెలుచుకొనునది భోజనశాల కాదు, స్నానశాల అని సంఘము వారు నిర్ధారణ చేసియున్నారు. కావున ప్రతి గృహమునందును ఒక సుస్వాగత స్నానగృహము విధిగా ఏర్పాటు చేయవలెను. సదరు స్నానగృహమును గృహస్థులు వాడరాదు. వాడినచో నీటి కుళాయి తొలగించబడును." కింద ఎర్రక్షరాల్లో నినాదం కూడా ఉంది: అతిథి ముందు, ఇల్లు తరువాత.

ఈ పథకానికి ఓ అధికారి కావాలి కదా. దోమల విభాగంలో మన్మథరావు అనే ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. చలికాలం కావడంతో దోమలు తగ్గి, ఆయనకి చేతినిండా పని లేదు. ఆయన్ని సుస్వాగత పర్యవేక్షణాధికారిగా నియమించారు. దోమలమందు వాసన ఇంకా వదలని చొక్కాతోనే ఆయన ఇల్లిల్లూ తిరిగి స్నానాలగదుల్లో అత్తరు పరిమళం సరిపోయిందో లేదో చూడ్డం మొదలుపెట్టాడు.

ఊళ్ళో చాలామందికి ఉన్నది ఒక్కటే స్నానాలగది. అది అతిథులకి పోయింది. దాలినాయుడి పక్కింటి టైలరు కన్నంనాయుడు మర్నాడు పొద్దున్నే భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాయుడూ, మాయింట్లో నేను నీళ్ళోసుకోకూడదంట. మీ పెరట్లో పోసుకుంటాను. నీకేటైనా అభ్యంతరమా?"

"నాకేటభ్యంతరం? పోసుకో."

"మా ఆవిడ ఎనకవీధి మేష్టారింటికెళ్ళింది. మేష్టారి పిల్లలు మాయింటికొచ్చారు. ఆళ్ళు మాకు అతిథులంట, పరవాలేదంట."

అలా ఊరు ఊరంతా పొద్దున్నే తువ్వాళ్ళతో ఒకరింటికొకరు వెళ్ళడం మొదలైంది. కమిషనరు గారు మేడ మీది నుంచి చూసి, పట్టణంలో అతిథి సంచారం అనూహ్యంగా పెరిగిందని పైకి నివేదిక పంపారు. పథకం విజయవంతమైందని పత్రికల్లో వచ్చింది. అది చూసి మిగతా ఊళ్ళూ అదే పథకం పెట్టాయి, రాష్ట్రంలో మేటి స్నానగృహానికి బహుమతి ఇవ్వడానికి ఓ కమిటీ కూడా వేశారు.

మన్మథరావు దాలినాయుడింటికి వచ్చిన రోజు పొద్దున్న ఈశ్వరమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ పట్టుకునే కొత్త స్నానాలగది తలుపు తీసి చూసి, అక్కడే నిలబడిపోయాడు. అంత శుభ్రమైన గది, పైగా ఎవరూ వాడనిది, ఆయనకి ఊళ్ళో ఎక్కడా తగల్లేదు.

"నాయుడు గారూ, అభినందనలు. ఉత్తర్వు రాకముందే ఉత్తర్వును అమలుపరచిన పౌరులు తమరు. ఈ స్నానగృహమును పురపాలక సంఘము నమూనాగా స్వీకరించుచున్నది."

"స్వీకరించడమేటండీ? ఇది మా అప్ప కోసం..."

"రాష్ట్రస్థాయి కమిటీ వారు వచ్చినప్పుడు దీనినే చూపుతాము. స్వల్ప మార్పులు మాత్రం అవసరం."

స్వల్ప మార్పులు చేయడానికి నలుగురు మనుషులు వచ్చారు. గరుకు రాయి మీద ముఖం కనబడేంత నున్నటి పలకలు పరిచారు. చెక్కపీట మోటుగా ఉందని పెరట్లో పడేశారు. చెంబు సౌందర్య భావనకు విరుద్ధమని తీసేశారు. స్టీలు కడ్డీ చూసి మన్మథరావు కళ్ళు మూసుకున్నాడు.

"ఇది ఆసుపత్రిని తలపించుచున్నది. అతిథి మనసు కుంగుతుంది. తొలగించండి."

"అయ్యా, అది లేకపోతే మా అప్ప లేవలేదండి" అన్నాడు దాలినాయుడు.

"అతిథి లేవవలసిన అవసరం ఏమున్నది? సుఖాసీనులై ఉండుటయే కదా ఆతిథ్య పరమార్థం."

కిటికీకి తెర కట్టారు. తువ్వాళ్ళతో రెండు హంసలు చేసి కమోడు మూత మీద ముక్కులు ఆనించి కూర్చోబెట్టారు. పరిమళాల కొవ్వొత్తులు, కుండీలో ప్లాస్టిక్కు మొక్క, బొటనవేలంత సబ్బుబిళ్ళలు, గాజుగిన్నెలో గుండ్రటి రాళ్ళు పెట్టారు.

"రాళ్ళెందుకండీ?" అంది ఈశ్వరమ్మ.

"ప్రశాంతత నిమిత్తం."

తలుపుకి అడ్డంగా పట్టు రిబ్బను కట్టి, కమిటీ వచ్చేదాకా ఎవరూ లోపలికి వెళ్ళరాదని హెచ్చరించి వెళ్ళారు. దాలినాయుడు ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని, ఊడదీసిన కడ్డీని తుప్పు పడుతుందేమోనని గుడ్డపెట్టి తుడుస్తూ ఉండిపోయాడు.

కమిటీ రావడం ఆలస్యమైంది. అప్ప మాత్రం అన్నమాట ప్రకారం వచ్చేసింది. రెండు మోకాళ్ళకీ ఆపరేషను, చేతిలో కర్ర. ఆటో దిగుతూనే, "ఏదిరా నీ గది?" అంది.

దాలినాయుడు రిబ్బను చూపించాడు. అప్ప ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"పెళ్ళి పందిరిలాగుంది. ఎల్లొచ్చా?"

"ఇప్పుడు కాదప్పా. ఆపీసోళ్ళు ఒప్పుకోవాల."

"నీ ఇంట్లో గదికి ఆపీసోళ్ళేట్రా?"

దాలినాయుడు అప్పని కూర్చోబెట్టి సైకిలు మీద పురపాలక సంఘానికి పరుగెత్తాడు. మన్మథరావు కొత్త కుర్చీలో ఉన్నాడు. కుర్చీకి ఓ తువ్వాలు హంస కూడా మంజూరైంది.

"అయ్యా, అతిథొచ్చిందండి. గది తీయించండి."

"ఎవరా అతిథి?"

"మా అప్పండి. సొంతప్ప."

మన్మథరావు విచారంగా తల ఊపాడు. "రక్తసంబంధీకులు అతిథి నిర్వచనం పరిధిలోకి రారు. వారు బంధువులు. బంధువుల విషయమై ప్రత్యేక పథకం పరిశీలనలో ఉన్నది."

"పోనీ, అతిథి కాదనుకోండి. మనిషేకదండీ. మోకాళ్ళు వంగవు, పెరట్లోకి ఎల్లలేదు."

"అసలు అతిథియే అయినను, నాయుడు గారూ, నమూనా స్నానగృహమును వాడిన యెడల అది వాడిన స్నానగృహము అగును. వాడిన స్నానగృహము నమూనా ఎట్లగును? తమరు విజ్ఞులు. కావాలంటే మీ అప్ప గారు గుమ్మం వద్ద నిలబడి వీక్షించవచ్చును. అందుకు అభ్యంతరం లేదు."

దాలినాయుడు సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. డిపోలో ఆఫీసర్లకి కమోడున్న గది ఒకటుంది. మేనేజరుని బతిమాలాడు. ఆయన మంచివాడు, సరే అన్నాడు. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఆటో వచ్చేది. అప్ప, కర్ర, చెంబు, పక్కన మరదలు. వీధిలో వాళ్ళు పలకరించేవారు, "ఎక్కడికి అచ్చియ్యమ్మా?" అని. మొదట్లో గుడికని చెప్పింది. తరవాత చెప్పడం మానేసి తల దించుకునేది. మళ్ళీ నీళ్ళు తాగడం తగ్గించింది.

ఓ సాయంత్రం డిపో నుంచి వచ్చాక, మంచం మీద కూర్చుని తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరే దాలీ, రేపు ఎల్లిపోతాన్రా. నువ్వు కట్టీసావు, నాను చూసీసాను. సాలు నాకు."

అందులో నిష్ఠూరం లేదు. అదే అతను తట్టుకోలేకపోయాడు. తనని ఎత్తుకుని తిరిగిన మనిషి, తన ఇంటి గుమ్మంలో ఒక తలుపు ముందు నిలబడి, వీక్షించి వెళ్ళిపోతోంది. "రేపొక్క రోజు ఆగప్పా" అన్నాడు. ఆ రేపే కమిటీ వస్తున్న రోజు.

పొద్దున్నే, మున్సిపాలిటీ మనుషులు ఇంకా రాకముందే, దాలినాయుడు రిబ్బను కిందనుంచి దూరి లోపలికి వెళ్ళాడు. కడ్డీని పాత బోల్టుల్లోనే బిగించాడు. చెయ్యి వేసి తన బరువంతా మోపి చూశాడు. దాని మీద ఓ హంసను వేలాడదీశాడు. నేల మీద అడుగు జారకుండా గోనెపట్టా ఒకటి పరిచాడు. తరవాత వచ్చిన మన్మథరావు అంతా పరకాయించి, "తువ్వాలు వేలాడదీయుటకు కడ్డీ. బహు చక్కటి ఆలోచన. ఈ జనపనార తివాచీ కూడ స్వదేశీ అభిరుచికి నిదర్శనం" అని మెచ్చుకున్నాడు.

వాకిట్లో షామియానా, బ్యాండుమేళం. వెండి పళ్ళెంలో కత్తెర. పూలగుచ్ఛంతో కమిషనరు చక్రధర్ గారు. కమిటీ అధ్యక్షురాలు వైదేహి గారు వస్తారని ఊరి రోడ్లన్నీ కట్టేశారు. ఒక్క ఆటో కూడా వీధిలోకి రాదు. కమిటీ మాత్రం ఇంకా రాలేదు. ఎండ ఎక్కింది. ఈశ్వరమ్మ వచ్చి మొగుడి చెవిలో చెప్పింది, "వదిన ఇబ్బంది పడతంది. ఆటో లేదు."

దాలినాయుడు అప్ప వంక చూశాడు. కర్ర రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి కూర్చుంది. అతను ఇంకేమీ ఆలోచించలేదు. వెళ్ళి వెండి పళ్ళెంలోంచి కత్తెర తీశాడు.

"నాయుడు గారూ! అది ముఖ్య అతిథికి!" అన్నాడు మన్మథరావు.

"అవునండి. ముఖ్య అతిథి వొచ్చి చాన్నాళ్ళయింది" అన్నాడు దాలినాయుడు. అప్పని చెయ్యి పట్టి లేవదీసి, కత్తెర చేతిలో పెట్టాడు. "కత్తిరించప్పా."

అప్ప కత్తిరించింది. రిబ్బను తెగగానే వాయించమని ముందే చెప్పి ఉంచడంతో బ్యాండువాళ్ళు ఒక్కసారిగా అందుకున్నారు. జనం అలవాటుగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య అచ్చియ్యమ్మ లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. సరిగ్గా అప్పుడే కమిటీ కార్లు వీధి మలుపు తిరిగాయి.

కమిషనరు గారి ముఖం పాలిపోయింది. పూలగుచ్ఛం ఎటు తిప్పాలో తెలియక తలుపుకే చూపించారు. వైదేహి గారు దిగి లోపలికి వచ్చారు. పెద్దావిడ, పొద్దుటి నుంచి ప్రయాణంలో ఉన్నారు. మూసి ఉన్న తలుపు చూశారు.

"లోపల ఎవరున్నారు?"

దాలినాయుడే అన్నాడు, "అతిథండి."

"నిజమైన అతిథా?"

"మా అప్పండి."

లోపల్నుంచి గట్టిగా వినిపించింది. "ఒరే దాలీ! ఈ రాళ్ళేట్రా? చెంబేదీ?"

ఈశ్వరమ్మ పెరటివైపు పరుగెత్తి, కిటికీ తెర తప్పించి చెంబు అందించింది. మన్మథరావు ఏదో చెప్పబోతే వైదేహి గారు చెయ్యెత్తి ఆపారు. కమిటీ, కమిషనరు గారు, షామియానా కింద జనం, అందరూ నీళ్ళ చప్పుడు వింటూ నిలబడ్డారు. దాలినాయుడి చెవులకి మాత్రం ఆ చప్పుడు బ్యాండు కంటే బాగా వినిపించింది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడయింది. అచ్చియ్యమ్మ ముఖం కడుక్కుని, హంసతో తుడుచుకుంటూ, గోడ పట్టుకుని నెమ్మదిగా గడప దాటింది. ఎదురుగా అంతమంది నిలబడి ఉండడం చూసి జాలిపడింది.

"అయ్యో, మీరందరూ దీనికోసమే నిలబడ్డారేటి? నువ్వు ముందెల్లమ్మా, ఖాళీయే. కడ్డీ గట్టిదే, భయం లేదు. పట్టుకుని కూకో."

వైదేహి గారు ఒక్క క్షణం అందరి వంకా చూశారు. పొద్దుటి నుంచి ఊరూరా ఎన్నో స్నానాలగదులు చూపించారు ఆవిడకి. ప్రతిచోటా హంసలే, కొవ్వొత్తులే, రిబ్బన్లే. వాడుకోండమ్మా అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడ చేతిసంచీ కమిషనరు గారికిచ్చి లోపలికి వెళ్ళారు. ఆవిడ బయటికి రాగానే కమిటీ సభ్యులు ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడ్డారు. పరీక్ష పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటింది. అంత క్షుణ్ణంగా తనిఖీ చేసిన కమిటీని తన సర్వీసులో చూడలేదని కమిషనరు గారు తరవాత విలేకరులతో చెప్పారు.

గోరింటపేటకి మొదటి బహుమతి వచ్చింది. ప్రశంసలో రెండు సంగతులు ప్రత్యేకంగా రాశారు. ఒకటి కడ్డీ. రెండోది, 'స్నానగృహంలో అతిథి ప్రత్యక్షంగా ఉండుట'. మర్నాడే ఊళ్ళో ప్రతి స్నానాలగదికీ బస్సు కడ్డీ బిగించాలని ఉత్తర్వు వచ్చింది. డిపోలో బస్సెక్కినవాళ్ళకి పట్టుకోవడానికి కడ్డీలు లేకుండా పోయాయి. ఆ సంగతి రవాణా శాఖ చూసుకోవాలి, అది వేరే కథ.

పదిరోజులు అప్ప ఎంతో సుఖంగా ఉంది. గ్లాసులకొద్దీ నీళ్ళు తాగింది. మునగచెట్టు చూస్తూ లోపల కూర్చుని గట్టిగా పాటలు పాడుకుంది. పదకొండో రోజున సంచీ సర్దుకుంది.

"ఇంక ఎల్తాన్రా. గేదె ఈనే దినాలు. మీ బావ దాని జోలికెల్లడు, పక్కింటి పిల్లలకి అప్పగించొచ్చాను, ఏటి చేస్తన్నారో."

ఆటో గుమ్మం ముందుకి రాకముందే మన్మథరావు వచ్చాడు, చేతిలో కాగితం.

"అచ్చియ్యమ్మ గారు పట్టణము విడిచి వెళ్ళరాదు. రెండవ విడత తనిఖీ వరకు నమూనా స్నానగృహము యథాతథ స్థితిలో ఉంచవలెనని ఆదేశం. యథాతథ స్థితి యందు అతిథి కూడ అంతర్భాగము."

దాలినాయుడు గొడవకి లేచాడు. కాని అప్ప సంచీ కింద పెట్టింది. మన్మథరావుని తేరిపార చూసింది.

"అంటే నన్ను ఎల్లనియ్యవన్నమాట."

"ప్రభుత్వ ఆదేశము, అమ్మా. క్షమించవలెను."

"మరి నా గేదెకి ఎవరు చూస్తారు?"

మన్మథరావు దాని గురించి ఆలోచించలేదు. ఆఫీసుకి వెళ్ళి అడిగాడు. ఫైలు కమిషనరు గారి దాకా వెళ్ళింది. అతిథి మనోవ్యాకులత చెందినచో ఆతిథ్యమునకు భంగము కలుగును కనుక, సదరు గేదె సంరక్షణకై ఓ బాధ్యతగల అధికారిని నియోగించాలని తీర్మానమైంది. అతిథి స్వభావం తెలిసినవాడు మన్మథరావు ఒక్కడే. మర్నాడు ఆయన పరుపు చుట్టుకుని ఏటి అవతలకి వెళ్ళాడు.

అచ్చియ్యమ్మ మళ్ళీ మంచం మీద కూర్చుంది. "సర్కారు మాట కాదంటే ఎలాగరా? మీ బావకి ఫోను చేసి చెప్పు, నన్నొదల్లేదని" అంది. తమ్ముడింట్లో వరసగా అన్ని రోజులు ఉండే వీలు ఆమెకి దొరకడం అదే మొదటిసారి. దాలినాయుడు నవ్వు దాచుకోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

వారం తిరక్కుండా ఏటి అవతల నుంచి ఫోను వచ్చింది. ఫోనులో మన్మథరావు, గొంతు బాగా తగ్గిపోయింది.

"అమ్మా, గేదె ఈనింది. దూడ క్షేమం. కాని అది నన్ను దగ్గరికి రానివ్వడం లేదండి. పొద్దున్న చొక్కా చింపేసింది. నేను ప్రభుత్వ అధికారినని ఎంత చెప్పినా..."

"సర్కారు మాటలు దానికి తెలీవు బాబూ" అంది అచ్చియ్యమ్మ. "నువ్వు దానింటికెళ్ళినావు. ముందు ఇంత చిట్టూ తవుడూ కలిపి పెట్టు. గంగడోలు నిమురు. అది సరేనన్నాక పాలు తియ్యడానికి కూకో."

అవతల గేదె అరిచిన చప్పుడు వినిపించింది.

"కింద కూర్చోవాలాండీ?" అన్నాడు మన్మథరావు. "నావి కూడా మోకాళ్ళు సరిగ్గా వంగవండి."